సఖి పాటలు తమిళంలో వింటున్నాను, 'ఎవనో ఒరువన్' గురించి ఒక సందేహం

నెల్లూరు_కుర్రోడు అడిగారు:

అందరికీ నమస్కారం. చిన్నప్పుడు మా ఇంట్లో సఖి క్యాసెట్ సాగిపోయేదాకా మోగింది, కాబట్టి ఆ పాటలన్నీ నాకు నోటికొచ్చు. ఇప్పుడు ఉద్యోగం చెన్నైలో. బస్సులో పక్కవాళ్ళు మాట్లాడుకుంటే అర్థమయ్యేంత తమిళం వచ్చేసింది కానీ నేను మాట్లాడాలంటే ఇంకా తడబాటే. పాటలు వింటే భాష తొందరగా పట్టుబడుతుందని ఆఫీసులో ఎవరో అంటే, ట్యూన్ ముందే తెలిసిన పాటలైతే మాటల మీద ధ్యాస పెట్టొచ్చు కదా అని సఖికి తమిళ మాతృక 'అలైపాయుదే' ఆల్బమ్ మొదలుపెట్టాను.

మిగతా పాటలన్నీ హాయిగా వెళ్ళిపోయాయి. 'పచ్చందనమే' అలవాటైన చెవికి 'పచ్చై నిరమే' పెద్ద కొత్తగా ఏమీ అనిపించలేదు, అవే రంగులు, అదే హరిహరన్ గొంతు. చిక్కంతా 'కలలై పోయెను' దగ్గర వచ్చింది. తమిళంలో అది 'ఎవనో ఒరువన్'. రెండింట్లోనూ స్వర్ణలత గారే, ట్యూన్ అదే, వెనక వాద్యాలు అవే. అయినా తమిళంలో వింటుంటే వేరే పాటలా ఉంది. తెలుగులో ఆ అమ్మాయి అంతా అయిపోయిందని ఏడుస్తున్నట్టు ఉంటుంది. తమిళంలో ఎవడో ఎక్కడో వాయిస్తున్నాడు, నేను చీకట్లో కూర్చుని అడుక్కుంటున్నాను అంటోంది. అంటే ఇంకా ఆశ వదల్లేదు కదా. సినిమాలో ఆ సందర్భానికి ఏది సరిపోతుంది? నా రూమ్మేట్ తమిళుడు, డబ్బింగ్ పాటంటే అసలుకి నీడ మాత్రమే అని తేల్చేశాడు. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కావడం లేదు, అలాగని ఎదురు చెప్పడానికి నా దగ్గర సరుకూ లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

---

కానడ_రాగం ఇలా రాశారు:

తమ్ముడూ, మంచి పాట దగ్గరే ఆగావు. నేను పెళ్ళై వచ్చినప్పటి నుంచీ మైలాపూర్‌లోనే ఉంటున్నాను, సంగీతం నేర్చుకున్నాను కాబట్టి నాకు తెలిసినంత చెప్తాను, కాస్త పెద్దదవుతుంది.

ముందు సినిమా పేరు దగ్గర మొదలుపెట్టాలి. 'అలైపాయుదే కన్నా' అనేది సినిమా కోసం రాసిన పాట కాదు. 18వ శతాబ్దపు వాగ్గేయకారుడు ఊత్తుక్కాడు వెంకటకవి కీర్తన, కానడ రాగం. కచేరీల్లో ఎప్పటినుంచో పాడుతున్నదే, మన వైపు కూడా చాలామంది సంగీతం టీచర్లు పిల్లలకు నేర్పిస్తారు. కృష్ణుడి వేణుగానం విని గోపిక మనసు అలల్లా లేచి పడుతోందని పల్లవి. చరణంలోకి వెళితే పండు వెన్నెల పట్టపగటి ఎండలా కాలుతోంది అంటుంది, చివరికి నేనిక్కడ గుండె కరిగి నిన్ను పిలుస్తుంటే నువ్వక్కడ వేరే ఆడవాళ్ళతో ఆడుకుంటావా అని నిలదీస్తుంది. అంటే వేణువు వినిపిస్తోంది, మనిషి మాత్రం కనిపించడం లేదు, బాధంతా అదే. రహమాన్ దీన్ని కల్యాణీ మేనన్, హరిణి, నెయ్వేలి రామలక్ష్మి చేత పాడించాడు, రాగాన్ని చెడగొట్టకుండా కింద తన లయ పరిచాడు. కానడలో గాంధార స్వరాన్ని నిలబెట్టి పాడరు, అటూ ఇటూ ఊపుతారు. 'అలై' అన్న మాట పాడుతుంటే ఆ ఊపు నా గొంతులో నాకే తెలుస్తుంది, అందుకే ఈ సాహిత్యానికి ఈ రాగం ఇంతగా అతుక్కుపోయింది.

ఇప్పుడు నీ పాటకి రా. తమిళ కవి వైరముత్తు రాసిన 'ఎవనో ఒరువన్' లోనూ కథ అదే. ఎవడో వాయిస్తున్నాడు, ఎవడో తెలియదు, అడవి వెదురు చెవిలో వాడు ఊదే రహస్యం నాకు అంతుపట్టడం లేదు అంటుంది. పైగా దాన్ని వాయిదాల పద్ధతిలో ప్రేమిస్తున్నాను అంటుంది, సంసారం పెట్టాలనుకుని పెట్టలేకపోయిన మధ్యతరగతి అమ్మాయి నోట ఆ మాట ఎంత సహజంగా ఉందో చూడు. రెండొందల ఏళ్ళ నాటి గోపికను చెన్నై లోకల్ ట్రైన్ ఎక్కే మెడికల్ స్టూడెంట్‌గా మార్చి మళ్ళీ అదే వేణువు వినిపించారు. పాట వెనక వేణువు వస్తూ పోతూ ఉండేది అందుకే. నా మటుకు నాకు ఈ ఆల్బమ్ మొత్తానికి ప్రాణం ఆ రెండు పాటల మధ్య ఉన్న ముడే.

సందర్భం అడిగావు. రెండు కుటుంబాలు మాట్లాడుకోవడానికి కూర్చుని గొడవపడతాయి, ఇక మనం కలుసుకోవద్దని హీరోయిన్ శక్తే చెప్పి, ఊరికి దూరంగా వైద్య శిబిరానికి వెళ్ళిపోతుంది. హీరో కార్తీక్ ఆమెను వెతుక్కుంటూ తిరుగుతుంటాడు. వద్దన్నది ఆమే, ఎదురుచూస్తున్నదీ ఆమే. అందుకని తమిళ సాహిత్యం అక్కడ గట్టిగా కూర్చుంటుంది. తెలుగులో వేణువు పోయింది, ఆ మేరకు నష్టమే అని నేను అంటాను.

---

వేటూరి_అభిమాని_గుంటూరు ఇలా రాశారు:

అక్కా, కీర్తన గురించి మీరు చెప్పింది చదువుతుంటే ఒళ్ళు పులకరించింది, కానీ చివరి వాక్యం దగ్గర మాత్రం నేను వాదిస్తాను.

తెలుగు పాటలు రాసిన వేటూరి గారు ఆ ముడిని విప్పేయలేదండీ, వేరే దారంతో వేశారు. 'అలైపాయుదే' తెలుగులో ఏమైంది? 'అలై పొంగెరా కన్నా'. అక్కడ వేణుగానాన్ని ఆయన అలాగే ఉంచారు, కీర్తన నడకకు చెయ్యి తగలనివ్వలేదు. మరి 'కలలై పోయెను' రెండో పాదంలో ఏం వస్తుంది? కన్నులు 'అలలై పొంగెను' అని. అలలు, పొంగడం, రెండూ తిరిగొచ్చాయి. మొదటి పాటలో మనసు అలలై పొంగింది ఆనందంతో, ఈ పాటలో కళ్ళు అలలై పొంగింది ఏడుపుతో. వైరముత్తు గారు రెండు పాటల్నీ వేణువుతో కలిపితే వేటూరి గారు అలతో కలిపారు. సినిమా పేరులో ఉన్నది కూడా అలే కదా. యాదృచ్ఛికం అని ఎవరైనా అనొచ్చు, కానీ ఒకే సినిమాకి ఒకే మనిషి రాస్తూ అదే క్రియను ఊరికే రెండుసార్లు వాడతాడంటే నేను నమ్మను.

ఇంకో మాట. డబ్బింగ్ పాట రాయడమంటే ఏమిటో రూమ్మేట్‌కి చెప్పండి. ట్యూన్ ముందే ఉంటుంది, మార్చడానికి లేదు. తెర మీద పెదాలు ఎక్కడ మూసుకుంటే అక్కడ ప, బ, మ ల్లో ఏదో ఒకటి పడాలి, లేకపోతే జనానికి తేడా తెలిసిపోతుంది. దీర్ఘం ఉన్నచోట దీర్ఘమే పడాలి. ఇన్ని కట్లు ఉన్నా అది తెలుగులో పుట్టిన పాటలా ఉండాలి. 1992లో రోజాకి రాజశ్రీ గారు ఇదే పని చేశారు, 'చిన్ని చిన్ని ఆశ' విని ఇది డబ్బింగ్ పాట అనుకున్నవాళ్ళు మా ఇంట్లో ఒక్కరు లేరు. తర్వాత బొంబాయికి, సఖికి, అమృతకి వేటూరి గారు రాశారు. అంతకుముందు 1989లో ఈ సినిమాల దర్శకుడు మణిరత్నం నేరుగా తెలుగులో తీసిన గీతాంజలికి రాసిందీ ఆయనే, కాబట్టి ఆ దర్శకుడి నాడి ఆయనకి బాగా తెలుసు.

నీడ అనే మాట దయచేసి వద్దు. సందర్భం గురించి అడిగారు కాబట్టి అదీ చెప్తాను. శక్తి స్వయంగా తెంచుకుని వచ్చిన అమ్మాయి. ప్రేమలు కలలైపోయాయని ఆ క్షణంలో ఆమె అనుకోవడంలో తప్పేముంది? సెలవైనా అడగకుండా వెళ్ళిపోయాడని నిష్ఠూరమాడటంలో కూడా ఆశే ఉంది. పూర్తిగా వదిలేసుకున్నవాళ్ళు నిష్ఠూరాలు ఆడరు.

---

హెడ్‌ఫోన్స్_పెట్టుకో ఇలా రాశారు:

సాహిత్యం గురించి పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు, నేను శబ్దం గురించి మాత్రమే చెప్తా.

బ్రో, నీకు తేడా అనిపించడానికి సగం కారణం పాదాల చివర ఉంది. తమిళ పల్లవిలో నాలుగు పాదాలూ 'న్' తో ఆగుతాయి, వాసిక్కిఱాన్, యాసిక్కిఱేన్, యోసిక్కిఱేన్, నేసిక్కిఱేన్. స్వర్ణలత గారు ప్రతిసారీ ఆ 'న్' దగ్గర స్వరాన్ని ముక్కులోకి తీసుకుని సన్నగా మూసేస్తారు, ఏదో చెప్పబోయి మింగేసినట్టు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మన పాటలో ప్రేమలు, కన్నులు అని 'ఉ' తో తెరిచి వదలాల్సి వచ్చింది. గాలి బయటికి పోతుంది, నిట్టూర్పులా వినిపిస్తుంది. ఆవిడే, అదే స్వరం, కానీ నోరు మూసి పాడితే ఒకలా, తెరిచి పాడితే ఒకలా ఉంటుంది కదా. ఒక్క పల్లవి మాత్రం రెండు భాషల్లో వెంటవెంటనే పెట్టుకుని విను, సాహిత్యం అర్థం పక్కన పెట్టి పాదం ఎక్కడ ఆగుతోందో చూడు.

ఆవిడ గురించి తెలియనివాళ్ళ కోసం: 1994లో కరుత్తమ్మ సినిమాలో 'పోరాలే పొన్నుతాయి' పాటకి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు, అదీ రహమాన్ సంగీతమే. 2010 సెప్టెంబర్‌లో పోయారు, నలభై కూడా నిండలేదు. ఇంత గొంతు పెట్టుకుని అంత తక్కువ మాట్లాడిన గాయని ఇంకొకరు లేరనుకుంటా. రహమాన్‌కి ఆ సంవత్సరం తమిళ ఫిల్మ్‌ఫేర్ ఈ సినిమాకే వచ్చింది. నన్నడిగితే అందులో పెద్ద వాటా ఈ ఒక్క పాటది.

---

నెల్లూరు_కుర్రోడు ఇలా రాశారు:

అందరికీ చాలా థాంక్స్. ఇప్పుడే రెండు పల్లవులూ పెట్టుకుని విన్నాను, పాదం చివర 'న్' గురించి చెప్పాక ఇక అది తప్ప ఇంకేమీ వినిపించడం లేదు! రూమ్మేట్‌కి అలల సంగతి చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి 'అలై పొంగెరా' పెట్టమన్నాడు, తెలుగు అర్థం కాకపోయినా శ్రద్ధగా విన్నాడు. కీర్తనని అలాగే తెలుగులోకి తెచ్చారా అని మాత్రం వాడికి ఆశ్చర్యమేసింది.

ఇంకొక్కటి అడుగుతాను, 'స్నేహితుడా' సంగతేంటి? నాకు తెలుగూ తమిళమూ రెండూ ఒకేలా నచ్చుతున్నాయి. అది ప్రేమ పాటేనా, లేక పెళ్ళయ్యాక పాడేదా?

---

రహస్య_స్నేహితురాలు ఇలా రాశారు:

పెళ్ళాం మొగుడితో పాడే పాట తమ్ముడూ అది! ఆ సంగతి తెలియకుండా వింటే సగం పాట జారిపోతుంది.

ఈ సినిమాని ప్రేమకథ అని అందరూ అంటారు కానీ మణిరత్నం గారికి అసలు ఆసక్తి పెళ్ళి తర్వాత జరిగేదాని మీద. మొదట్లోనే కార్తీక్ స్టేషన్‌లో భార్య కోసం ఎదురుచూస్తుంటాడు, ఆమె రాదు, అక్కడి నుంచి కథ వెనక్కి వెళుతుంది. దొంగతనంగా పెళ్ళి చేసుకుని ఎవరింటికి వాళ్ళు వెళ్ళిపోయిన జంట, చివరికి ఒక ఇంట్లో కలిసి ఉండాల్సి వచ్చేసరికి చిన్న చిన్న వాటికే కొట్టుకుంటారు. అందులో 'స్నేహితుడా' పాట వింటే ఆమె అడిగేవన్నీ ఎంత చిన్నవో తెలుస్తుంది. ప్రేమిస్తున్నప్పుడు చందమామని తెమ్మంటారు, పెళ్ళయ్యాక అడిగేవి వేరు. నేను నిద్రపోతున్నప్పుడు పువ్వు కోసే భక్తుడిలా మెత్తగా, నాకు తెలియకుండా నా గోరు తీసిపెట్టు అంటుంది. ఆ ఒక్క కోరిక మీద నేను ఎంతసేపైనా మాట్లాడగలను. గోరు తీయాలంటే పక్కన కూర్చోవాలి, చెయ్యి పట్టుకోవాలి, నొప్పి కలగకుండా చూడాలి, అవతలి మనిషి నిద్రలేస్తే పని చెడుతుంది. నగలు అడగడం లేదు, సమయం అడుగుతోంది. తమిళంలో ఇంకో చోట నిన్ను మడతపెట్టి చేతిరుమాల్లో దాచుకుంటాను, కావలసినప్పుడు విడిచిపెట్టి వరాలు అడుగుతాను అంటుంది. మొగుడిని దేవుణ్ణి చేసి పూజించడం లేదు, జేబులో పెట్టుకుంటోంది.

ఆ పేరే చూడండి, రహస్య స్నేహితుడు. మొగుడిని స్నేహితుడా అని పిలిచే పాటలు అప్పటికి మనకి ఎన్ని ఉన్నాయి? మా పెద్దమ్మ ఈ పాట విని, మొగుణ్ణి పట్టుకుని గోళ్ళు తీయమంటుందేమిటే అని బుగ్గలు నొక్కుకుంది, తర్వాత రేడియోలో వచ్చిన ప్రతిసారీ వాల్యూమ్ పెంచేది మాత్రం ఆవిడే. తెలుగులో వేటూరి గారు ఐదు వేళ్ళు, ఆవు వెన్న అంటూ ఆ సేవలన్నిటినీ మన ఇళ్ళలోకి దించారు. ఆవు వెన్న అనగానే ఆ పాట కృష్ణా జిల్లాలో మా ఇంటి వసారాలోకి వచ్చి కూర్చున్నట్టే నాకు. సాధనా సర్గం గారి మాతృభాష తెలుగూ కాదు, తమిళమూ కాదు. అయినా ఆ పాటలో ఒక్క మాట కూడా అరువు తెచ్చుకున్నట్టు ఉండదు.

దృశ్యం చూడాలనిపిస్తే పాట చూడండి, మధ్యప్రదేశ్‌లో నర్మద ఒడ్డున మహేశ్వర్ ఘాట్ల దగ్గర తీశారు. పి.సి. శ్రీరామ్ గారి కెమెరా. రాతి మెట్ల మీద ఆ వెలుతురు గురించి రాస్తే ఇంకో పోస్ట్ అవుతుంది.

---

కానడ_రాగం ఇలా రాశారు:

వేటూరి అభిమాని గారూ, అల దారం గురించి మీరు రాసింది మనసులో పెట్టుకుని రాత్రి మళ్ళీ విన్నాను. తెలుగులో ముడి ఉంది, బలమైనదే. అయినా వాద్యం వేణువు కాబట్టి చెవికి వినిపించేదీ, మాటలో ఉన్నదీ ఒకటవడం తమిళంలోనే జరిగిందని నా పట్టు నేను వదలను. మీ పట్టు మీరూ వదలకండి, ఇలాంటి చర్చలో ఇద్దరూ రాజీపడిపోతే వినేవాళ్ళకి ఏమీ మిగలదు.

తమ్ముడికి ఇంకో చిన్న సంగతి. 'స్నేహితుడా' తమిళ పాట 'స్నేహితనే' ఆల్బమ్‌లో రెండు రకాలుగా ఉంది. రెండోదాంట్లో ఉస్తాద్ సుల్తాన్ ఖాన్ గొంతు కూడా వినిపిస్తుంది, సారంగి వాయించే మహానుభావుడు ఆయన. సాధనా సర్గం, శ్రీనివాస్ పాడే భాగం ఇంటి లోపల మాట్లాడుకుంటున్నట్టు ఉంటే, ఈయన గొంతు రాగానే పాట ఒక్కసారిగా ఆరుబయటికి వచ్చేస్తుంది. ముందు మామూలుది, తర్వాత ఇది, ఆ వరసలోనే విను.

---

హెడ్‌ఫోన్స్_పెట్టుకో ఇలా రాశారు:

తమిళం నేర్చుకోవడానికే అయితే 'పచ్చై నిరమే' మళ్ళీ శ్రద్ధగా విను బ్రో, హాయిగా ఉందని వదిలేయకు. చరణానికో రంగు, ప్రతి రంగుకీ నాలుగైదు వస్తువులు చెప్తారు, నలుపు దగ్గరికి వచ్చేసరికి కాకి రెక్క, ఆడవాళ్ళ కంటి కాటుక అని వరసగా వెళుతుంది. రంగుల పేర్లూ, వస్తువుల పేర్లూ ఒక్క పాటలో వచ్చేస్తాయి. 'సెప్టెంబర్ మాదం' కూడా సులువే, ఆశా భోంస్లే గారు ప్రతి అక్షరం విడమర్చి పాడతారు, పక్కన శంకర్ మహదేవన్. 'కాదల్ సడుగుడు' ఎస్.పి.బి. చరణ్ పాడింది మాత్రం ఇప్పుడే పెట్టుకోకు, మాటలు వేగంగా పరిగెడతాయి, కొంచెం తమిళం వచ్చాక వింటే మజా.

హిందీ వచ్చినవాళ్ళు 2002లో వచ్చిన సాథియా కూడా పక్కన పెట్టుకోవచ్చు, అక్కడ గుల్జార్ గారు రాశారు. 'స్నేహితుడా' ట్యూన్ అక్కడ 'చుప్కే సే' అయింది, మళ్ళీ సాధనా సర్గం గారే. ఒకే ట్యూన్ మీద ముగ్గురు కవులు, వైరముత్తు, వేటూరి, గుల్జార్. నీ రూమ్మేట్‌ని కూర్చోబెట్టి మూడూ వినిపించు.

---

నెల్లూరు_కుర్రోడు ఇలా రాశారు:

ఆదివారం ముగ్గురం కూర్చుంటున్నాం, హిందీ వచ్చిన పక్క గది అతన్ని కూడా పిలిచాను. ఎవరి పాట వాళ్ళు పాదం పాదం అర్థం చెప్పాలని ఒప్పందం. తెలుగు వంతు నాది. వేటూరి అభిమాని గారూ, 'కలలై పోయెను' రెండో చరణంలో ఒకటి రెండు చోట్ల నాకు అన్వయం కుదరడం లేదు, ఈ వారంలో మీకు తీరిక ఉంటే ఇక్కడే విడమర్చి రాయగలరా?

---

వేటూరి_అభిమాని_గుంటూరు ఇలా రాశారు:

తప్పకుండా రాస్తానండీ, శుక్రవారం లోపు పెడతాను. మీకు ఎక్కడెక్కడ తెగడం లేదో ఆ పాదాలు ముందు ఇక్కడ చెప్పండి.